కురుస్తున్న ఇంటిని బాగుచేసే సేవావారం: సంఘ యువజనుల కోసం సమగ్ర మార్గదర్శి

వేసవి సెలవుల్లో యవ్వనస్థులతో పేదల ఇళ్లు బాగుచేయించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అని సంఘ పెద్దలూ యువజన నాయకులూ అడుగుతూనే ఉన్నారు. వారి మనసులో సాధారణంగా రెండు కోరికలు కలిసి ఉంటాయి. వానలు పడేలోపు ఎవరో ఒక మామ్మగారి ఇల్లు కురవకుండా చేయాలన్నది మొదటిది. ఆ పనిలో పిల్లలు ఒకరికొకరూ దేవునికీ దగ్గర కావాలన్నది రెండోది.

ఈ రెండూ నెరవేరిన చోటల్లా నాకు ఒకే ఏర్పాటు కనబడింది. ఒక జట్టుకు ఒకే ఇల్లు అప్పగించడం, ఆ ఇంటి పని ముగిసేదాకా జట్టును మార్చకపోవడం. కింద రాసిన అంచెలన్నీ ఈ ఒక్క నియమం చుట్టూ అల్లినవే. కోస్తా జిల్లాల పల్లెల్లో ఎక్కువగా కనిపించే పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు, పాత కాలనీ డాబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గూన పెంకుల ఇళ్లున్న తెలంగాణ పల్లెల్లో కప్పు పని కొంత మారుతుంది కానీ తక్కిన క్రమం అదే.

## 1. పని మొదలుపెట్టకముందే తేల్చుకోవలసినవి

సంఘ కమిటీ కూర్చుని మూడు విషయాలను కాగితం మీద రాసుకోవాలి. నోటిమాటగా వదిలేస్తే మూడో రోజుకు ప్రతి ఒక్కరూ తమకు తోచిన అర్థం చెబుతారు.

ఎవరి ఇళ్లు? ఊళ్లో కష్టంలో ఉన్నవారివి. సంఘంలో సభ్యత్వం ఉందా, ఆదివారం ఆరాధనకు వస్తారా అన్నది ఎంపికకు కొలబద్ద కాకూడదు. పేటలోని ఇళ్లకే పరిమితం కాకుండా ఊరు మొత్తం తిరిగి చూడాలి.

ఏ షరతుతో? ఏ షరతూ లేకుండా. ఆ ఇంట్లో కరపత్రం పంచకూడదు, వాక్యం చెప్పకూడదు, ఇంటివారు తాముగా అడిగితే తప్ప ప్రార్థన కూడా చేయకూడదు. కప్పు బాగుచేయించుకునే అవసరంలో ఉన్న మనిషి మనల్ని వద్దనలేని స్థితిలో ఉంటారు. ఆ స్థితిని వాడుకోవడం నా దృష్టిలో తప్పు. యువజనుల విశ్వాసం బలపడేందుకు సాయంత్రపు గంట ఉంది. దాని గురించి తర్వాత వివరంగా రాస్తాను.

ఎన్ని ఇళ్లు? మొదటి ఏడాది రెండు చాలు. 12 మంది యువజనులు ఉంటే రెండు జట్లు, రెండు ఇళ్లు. ఐదు ఇళ్లు మొదలుపెట్టి మూడు సగంలో ఆపిన సంఘాన్ని నేను చూశాను. కప్పు విప్పి వదిలేసిన ఇల్లు ముందున్న స్థితికన్నా అధ్వానం.

## 2. ఎప్పుడు ఏది చేయాలి

నైరుతి ఋతుపవనాలు మామూలుగా జూన్ మొదటి, రెండో వారాల్లో మన ప్రాంతానికి చేరతాయి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. కప్పు పని ఆలోపే ముగియాలి కాబట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి.

- ఈస్టరు ముగిసిన వెంటనే: కమిటీ నిర్ణయం, నాయకుల ఎంపిక.
- ఏప్రిల్ చివరి రెండు వారాలు: ఇళ్ల పరిశీలన, మేస్త్రి సలహా, ఇంటివారి అంగీకారం.
- మే మొదటి వారం: సామాను కొనుగోలు, తల్లిదండ్రుల అనుమతి, ఒక రోజు శిక్షణ.
- మే రెండో లేదా మూడో వారం: సోమవారం నుంచి శనివారం దాకా పని.
- తొలి పెద్దవాన పడిన మర్నాడు: తిరిగి పరామర్శ.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోళ్లు పగిలే ఆ ఎండల్లో పిల్లలను కప్పు మీదికి ఎక్కించకూడదు. సేవా వారాన్ని దానికి ముందే ముగించుకోవాలి. మీ సంఘంలో సెలవుల బైబిలు పాఠశాల మే నెలలోనే ఉంటే, అదే యువజనులు అక్కడ ఉపాధ్యాయులుగా ఉంటారు కనుక తేదీలు ఢీకొనకుండా చూసుకోవాలి.

## 3. ఇంటిని పరిశీలించడం

ఈ వారం సఫలమవుతుందా లేదా అన్నది చాలావరకు ఈ అంచెలోనే తేలిపోతుంది. ఒక తాపీ మేస్త్రి, యువజన నాయకులు ఇద్దరు, ఇంటావిడతో మాట్లాడగల ఒక పెద్దావిడ కలిసి వెళ్లాలి. మగవారు మాత్రమే వెళితే వంటింటి సంగతీ స్నానాల గది సంగతీ బయటికి రావు.

కురిసే చోటు కనిపెట్టడం. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి, లోపల చీకటి చేసి పైకి చూడాలి. పెంకుల సందుల్లోంచి సూదిమొన లాంటి వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. ప్రతి చుక్క కిందా నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. అయితే నీరు కారే చోటూ కప్పులోని రంధ్రమూ ఎప్పుడూ ఒకే నిలువులో ఉండవు. నీరు వాసం వెంట జారి కిందెక్కడో బొట్టుగా రాలుతుంది కాబట్టి, బొట్టు పడే చోటికి ఎగువన వెతకాలి. వెలుతురు కనబడకపోతే చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపుకు కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ పోవాలి. పైనుంచి పోస్తే అన్ని చోట్లా ఒకేసారి తడిసి ఏదీ తెలియదు.

కర్రను పరీక్షించడం. దూలం, వాసాలు గోడలో దిగిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. సులువుగా దిగితే ఆ కర్ర పుచ్చినట్టే. గోడ వెంట సన్నని మట్టి గీతలు పైకి పాకి ఉంటే చెద పట్టిందని అర్థం.

శ్లాబును పరీక్షించడం. కింది నుంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ పోవాలి. గట్టి చప్పుడు వస్తే మంచిది, డొల్ల చప్పుడు వస్తే పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉంది. కనిపించేలా తుప్పుపట్టిన ఇనుప చువ్వలు ఉన్నా, మధ్యలో శ్లాబు కిందికి వంగినా ఆ ఇల్లు యువజనుల పని కాదు. ఇంజినీరుకు చూపించాలి.

వెంట తీసుకెళ్లవలసిన పరిశీలన పట్టీ:

- కప్పు రకం, వయసు, కురిసే చోట్ల సంఖ్య
- కొప్పు, చూరు, గోడ కలిసే చోట్ల స్థితి
- గోడల చెమ్మ ఎంత ఎత్తు దాకా పాకింది
- మరుగుదొడ్డి తలుపు, గడియ, నీళ్ల వసతి
- ఇంట్లో నడవలేనివారు ఉన్నారా, గుమ్మం మెట్టు ఎంత ఎత్తు
- వేలాడే కరెంటు తీగలు, విరిగిన స్విచ్చులు
- స్థలం, ఇల్లు ఎవరి పేరున ఉన్నాయి
- పని జరిగే రోజుల్లో ఇంటివారు రాత్రి ఎక్కడ పడుకుంటారు

చివరి ప్రశ్నను దాదాపు అందరూ మరిచిపోతారు. కప్పు విప్పిన రాత్రి ఒక ముసలావిడ మంచం వాకిట్లో వేసుకోవలసివస్తే ఆ సేవ ఎవరి కోసమో అర్థం కాదు.

వద్దనుకోవలసిన ఇళ్లు. తగాదాలో ఉన్న స్థలం, యజమాని ఒప్పుకోని అద్దె ఇల్లు, పునాది కుంగిన ఇల్లు, వారం రోజుల్లో ముగియని పని. వీటిని మర్యాదగా, కారణం చెప్పి వదులుకోవాలి. చేస్తామని ఆశపెట్టి తిరిగి రాకపోవడం అన్నిటికన్నా చెడ్డది.

## 4. ఇంటివారితో ఒప్పుకోలు

ఒక పేజీ కాగితం రాసుకుంటే చాలు. ఏ పని చేస్తాం, ఏది చేయం, ఎన్ని రోజులు, ఇంటివారు ఏమీ చెల్లించనక్కరలేదు, ఇంటివారి ఫోటోలు వారి ఇష్టం లేకుండా తీయం. ఈ మాటలు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక ప్రతి వారికే ఇవ్వాలి. అద్దె ఇల్లయితే యజమాని సంతకం కూడా కావాలి.

అదే రోజు ఒక ప్రశ్న అడగండి: “మామ్మగారూ, ఈ ఇంట్లో మీకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్నది ఏది?” మనం కప్పు అనుకుని వెళతాం. ఒక ఇంట్లో ఆవిడ కప్పు మాట ఎత్తనే లేదు. రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదని, రెండుసార్లు పడ్డానని చెప్పారు. ఆ ఇంటి పని పట్టీలో మొదటి వరుసలో చేతికమ్మి చేరింది.

## 5. జట్టును కూర్చడం

ఒక్కో ఇంటికి ఐదారుగురు యువజనులు, బాధ్యత వహించే ఒక పెద్ద. రెండు ఇళ్లు దగ్గరగా ఉంటే ఒక మేస్త్రి రెంటికీ సరిపోతారు. మేస్త్రిని ఉచితంగా రమ్మని అడగవద్దు. ఆయనకు అది రోజు కూలి. ఆయన నేర్పేది కూడా ఉంది కనుక మామూలు కూలి పూర్తిగా ఇచ్చి, నేర్పే ఓపిక ఉన్నవారినే పిలవాలి. పని చకచకా చేసి పిల్లల్ని పక్కకు నెట్టే మేస్త్రి వల్ల ఇల్లు బాగుపడుతుంది గానీ యువజనులు ఇసుక మోయడానికే మిగులుతారు.

స్నేహితులందరూ ఒకే జట్టులో ఉండకుండా చూడాలి. చదువుకునే వారూ, చదువు ఆపి పనికి వెళుతున్న వారూ కలవాలి. పంచాయతీ పనుల్లో కూలికి వెళ్లిన కుర్రవాడికి పార పట్టడం తెలుసు. ఇంజినీరింగు చదివే అమ్మాయికి కొలతలు తెలుసు. ఆదివారం వేర్వేరు బల్లల మీద కూర్చునే వీరిద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవలసివచ్చిన రోజున సహవాసం అన్న మాటకు అర్థం తెలుస్తుంది. అమ్మాయిలను వంటకూ నీళ్లకూ కేటాయించే అలవాటు మానాలి. వంట, గిన్నెలు అందరికీ వంతుల వారీగా వేయాలి. అమ్మాయిలున్న ప్రతి జట్టుకూ ఒక మహిళా పెద్ద తప్పనిసరి.

వయసు గీత. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్నీ, 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్నీ 2016లో సవరించిన బాలకార్మిక చట్టం నిషేధిస్తుంది. సేవ పేరుతో ఆ గీత దాటకూడదు. 18 నిండనివారు కప్పు ఎక్కరు, కరెంటు పనిముట్లు ముట్టరు, సిమెంటు బస్తా ఎత్తరు. వారికి సున్నం వేయడం, తలుపులు గీకి రంగు వేయడం, పెంకులు తుడవడం, పెద్దలతో మాట్లాడటం లాంటివి ఇవ్వాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేని ఎవరినీ తీసుకోవద్దు.

## 6. డబ్బు, సామాను

మేస్త్రి చెప్పిన జాబితాను ఊళ్లోని రెండు దుకాణాల్లో ధర కట్టించి, ఆ మొత్తానికి 15 శాతం అదనంగా పక్కన పెట్టుకోవాలి. పాత ఇల్లు విప్పాక లోపల ఏముందో అప్పుడే తెలుస్తుంది. వసూలైన కానుక, ఖర్చు ఇద్దరి సంతకాలతో రాసి ఆదివారం సంఘానికి చదవాలి.

- పెంకులు కొనబోయేటప్పుడు పాత పెంకు ఒకటి చేత పట్టుకెళ్లాలి. మంగుళూరు పెంకుల గాడులు కంపెనీని బట్టి మారతాయి. గాడి కలవని పెంకు కొత్తదైనా కురుస్తుంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి.
- పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే పెంకులు చవక. ఒక్కొక్కటిగా వేలి మెటికతో కొట్టి చూసి, ఖంగుమన్నవే తీసుకోవాలి. మొద్దుగా మోగిన పెంకులో కంటికి కనబడని పగులు ఉంటుంది.
- సిమెంటును నేల మీద దించకుండా చెక్కల మీద పేర్చాలి. గడ్డలు కట్టిన బస్తా తిప్పి పంపాలి.
- సముద్ర తీరపు గ్రామాల్లో ఉప్పునీటితోనూ, తీరపు ఇసుకతోనూ సిమెంటు కలపవద్దు. ఉప్పు వల్ల చువ్వ తుప్పుపడుతుంది, గోడ చెమ్మగిల్లుతుంది.
- టార్పాలిన్ పట్టా ఇంటి కప్పంత పెద్దది ఒకటి. మే నెలలో సాయంత్రపు గాలివాన చెప్పి రాదు.

పనిముట్లు: తాపీలు, గమేళాలు, పారలు, జల్లెడ, రసమట్టం, తూకపు గుండు, సుత్తులు, ఉలులు, కొలత టేపు, బలమైన నిచ్చెనలు రెండు, కప్పు మీద పరిచే వెడల్పాటి పలకలు నాలుగు. వీటితో పాటు ప్రతి ఒక్కరికీ మూసిన బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు. చెప్పులతో వచ్చినవారిని ఆ రోజు పనిలోకి తీసుకోవద్దు.

## 7. రోజు నడిచే క్రమం

- ఉదయం 5:30: పాట, చిన్న ప్రార్థన, ఆ రోజు పని ఏమిటో మేస్త్రి వివరించడం.
- 6:00 నుంచి 10:30: కప్పు పని, బరువు పని.
- 10:30 నుంచి 4:00: భోజనం, నిద్ర, నీడలో చేసే చిన్న పనులు.
- 4:00 నుంచి 6:30: గోడలు, రంగు, శుభ్రం.
- 7:30: సాయంత్రపు గంట. తర్వాత భోజనం.

పది గంటల టీ ఇంటివారు ఇస్తే తప్పకుండా తాగాలి. ఒకసారి మా పిల్లలు ఇంటావిడకు ఖర్చెందుకని “వద్దు మామ్మగారూ” అన్నారు. ఆవిడ గ్లాసులున్న పళ్లెం మంచం మీద పెట్టి, “మా ఇంటి టీ తాగరా?” అని అడిగి లోపలికి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న వెనుక ఆవిడ బతుకంతా ఉంది. ఆ వేళ నుంచి టీ మా దినక్రమంలో ఒక భాగమైంది. చక్కెర, పాలు ముందు రోజే చడీచప్పుడు లేకుండా వంటింట్లో పెట్టి వస్తున్నాం.

## 8. పనుల వరుస

ఎప్పుడూ పైనుంచి కిందికి రావాలి. కప్పు, ఆ తర్వాత గోడ పెచ్చులు, తలుపులు, రంగు, చివర నేల. ముందు సున్నం వేసి తర్వాత కప్పు విప్పితే గోడలన్నీ మళ్లీ వేయాలి.

పెంకు కప్పు. ఒక రోజులో తిరిగి కప్పగలిగినంత భాగమే విప్పాలి. విప్పేటప్పుడు కొప్పు నుంచి చూరుకు, కప్పేటప్పుడు చూరు నుంచి కొప్పుకు. పెంకులను చేతి నుంచి చేతికి అందిస్తూ దించాలి, విసరకూడదు. దించిన ప్రతి పెంకు గాడిలోని మట్టి, నాచు గట్టి కుంచెతో తీయాలి. కురవడానికి చాలాసార్లు ఆ మట్టే కారణం. పుచ్చిన రీపర్లను (పెంకులు ఆనే సన్నని అడ్డకర్రలను) మార్చి, కొత్తవాటికి చెద మందు పూసి, అది పూర్తిగా ఆరాక పెంకు వేయాలి. కొప్పు పెంకుల కింద సిమెంటు పని మేస్త్రి చేతనే చేయించాలి. కప్పు మీద నడిచేవారు పెంకు మీద నేరుగా అడుగు వేయకుండా వాసాల మీదుగా పరిచిన పలక మీద నడవాలి.

సిమెంటు రేకులు. ఇక్కడ జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. పాత సిమెంటు రేకు మనిషి బరువుకు చప్పుడు లేకుండా విరుగుతుంది. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, పగలగొట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్లు గడిచాక క్యాన్సరుకు దారితీయవచ్చు. కాబట్టి యువజనులు వాటిని కోయరు, బెజ్జం వేయరు, పొడిగా చీపురుతో ఊడ్వరు. పగిలిన రేకును తడిపి, ముక్కలు చేయకుండా మేస్త్రి చేత దించించాలి. చిన్న బీట అయితే శుభ్రం చేసి నీరు ఆపే తారు టేపు అంటించవచ్చు. హుక్కుల దగ్గర కారుతుంటే పాడైన వాషర్లు మార్చితే చాలాసార్లు సరిపోతుంది.

డాబా శ్లాబు. ముందు మేడ మీది చెత్త, మొక్కలు, నాచు తీసి నీళ్ల తూము తెరవాలి. సగం కారుడు అక్కడితో ఆగుతుంది. బీటను ఉలితో కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము కడిగి, లేటెక్సు (సిమెంటుకు పట్టు పెంచే పాల లాంటి ద్రవం) కలిపిన సిమెంటుతో నింపాలి. నీరు తూము వైపుకు పారేలా వాలు ఉందో లేదో రసమట్టంతో చూడాలి. నీరు ఆపే పూత రెండుసార్లు, ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. పూర్తిగా ఆరాక తూము మూసి, రెండంగుళాల నీరు 24 గంటలు నిలబెట్టి కింద చూడాలి. ఈ పరీక్షకు శుక్రవారం ఉదయం కేటాయించుకుంటే సరిదిద్దడానికి శనివారం మిగులుతుంది. పూత బాగా ఆరడానికి వ్యవధి కావాలి కనుక బుధవారం లోపే వేసేయాలి.

గోడ పెచ్చులు. డొల్లగా మోగే చోటంతా కొట్టేసి, గోడను తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుకతో ప్లాస్టరింగ్ చేయాలి. కలిపిన సిమెంటు అరగంట దాటితే బిగుసుకోవడం మొదలవుతుంది. దాంట్లో మళ్లీ నీళ్లు పోసి వాడవద్దు. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. తర్వాత ఏడు రోజులు నీళ్లు పట్టాలి. జట్టు వెళ్లిపోయాక ఎవరు పడతారో ముందే పేరు రాసుకోవాలి.

సున్నం. పాత రంగు రేగిపోయిన చోటల్లా గీకాలి. ప్లాస్టిక్ రంగు వేసిన గోడకు సున్నం నిలవదు. వడకట్టి, కొంచెం జిగురు, చిటికెడు నీలిమందు కలిపి, పలుచగా రెండు పూతలు వేయాలి. సున్నం కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు శుభ్రమైన నీటితో కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మెట్లు, చేతికమ్మి. చక్రాల కుర్చీ ఉన్న ఇంట్లో ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు కావాలి. ఆరంగుళాల గుమ్మానికి ఆరడుగులు. దీనికన్నా ఏటవాలుగా కడితే ఎవరూ తోయలేరు. చేతికమ్మిని ఇంట్లోని పెద్దావిడను నిలబెట్టి, ఆవిడ చేయి సహజంగా ఆనే ఎత్తులో గుర్తు పెట్టి బిగించాలి.

కరెంటు. స్విచ్చు మార్చడమైనా సరే, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. వేలాడే సర్వీసు తీగ విద్యుత్ శాఖ పని. వాళ్లు వచ్చి సరిచేసేదాకా ఆ వైపు కప్పు ముట్టవద్దు.

## 9. భద్రత పట్టీ

రోజూ ఉదయం పెద్ద ఒకరు చదివి టిక్కు పెట్టాలి.

- నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరంగా ఆనించారా, పైకొన చూరు దాటి మూడడుగులు ఉందా
- కింద పట్టుకునే మనిషి పేరు ఎవరిది
- నిచ్చెన దరిదాపుల్లో కరెంటు తీగ లేదు కదా
- గాలి, మబ్బు చూశారా
- ఒక్కొక్కరికి నీళ్ల సీసా ఉందా. మజ్జిగ, ఓఆర్ఎస్ సిద్ధంగా ఉన్నాయా (లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు)
- మొదటి చికిత్స పెట్టె, దగ్గరి ఆస్పత్రి, 108కి ఫోను చేసే మనిషి, వెళ్లడానికి బండి
- గత పదేళ్లలో ధనుర్వాతం సూది వేయించుకోనివారు ఎవరు

మాట తడబడినా, వాంతి అయినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బగానే భావించి, నీడలోకి చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ 108కి ఫోను చేయాలి. “కాసేపు కూర్చుంటే తగ్గుతుంది” అన్న మాటను ఎవరి నోటా రానివ్వవద్దు.

## 10. సాయంత్రపు గంట

నాయకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పగలంతా అలసిన పిల్లల ముందు ఒకరు నిలబడి నలభై నిమిషాలు ప్రసంగిస్తే వారు కూర్చునే నిద్రపోతారు. అది వారి తప్పు కాదు. ఈ గంటను గుండ్రంగా, చాప మీద, ఒక జట్టుగా కూర్చుని నడపాలి. రెండు జట్లను కలపవద్దు. ఆ ఇంటి పని తెలిసినవారి మధ్యనే మాట వస్తుంది.

మొదటి పది నిమిషాలు: ఒక పాట. తర్వాత మౌనం.

తర్వాతి ఇరవై నిమిషాలు: ఒక చిన్న వాక్యభాగం చదివి ఒకే ప్రశ్న. ఐదు రాత్రులకు నేను వాడేవి ఇవి.

- సోమవారం, నెహెమ్యా 3: గోడ బాగుచేసినవారి పేర్లతో నిండిన అధ్యాయం. ఇంత పెద్ద జాబితాను ఎందుకు భద్రపరిచి ఉంచారు?
- మంగళవారం, మార్కు 2:1-12: పక్షవాయువు గలవానిని దించడానికి కప్పు విప్పారు. ఆ ఇంటి కప్పును తర్వాత ఎవరు బాగుచేసి ఉంటారు?
- బుధవారం, ద్వితీయోపదేశకాండము 22:8: ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ. పిట్టగోడ దేవునికి ఎందుకు పట్టింది?
- గురువారం, యాకోబు 2:14-17: ఈ మాటలు ఈ వారంలో ఎవరి ముఖాన్ని గుర్తుచేస్తున్నాయి?
- శుక్రవారం, లూకా 10:38-42: పనిలో పడి మనం ఎవరి మాట వినకుండా పోయాం?

జవాబు నాయకుడు చెప్పకూడదు. మంగళవారం ప్రశ్నకు వాక్యంలో జవాబు లేదు, అందుకే అది పిల్లలను మాట్లాడిస్తుంది. పగలు పెంకులు మోసినవారికి విప్పిన కప్పు అంటే ఏమిటో చేతులతోనే తెలుసు.

చివరి అరగంట: “ఈరోజు నీకు ఎవరు ఆసరా అయ్యారు?” అన్న ప్రశ్న ఒక్కొక్కరికీ. మాట్లాడనివారిని బలవంతపెట్టవద్దు. సాక్ష్యం చెప్పమని వరుసగా లేపితే విని నేర్చుకున్న మాటలే వస్తాయి. ఇంటర్ చదివే ఒక కుర్రవాడు రెండు రాత్రులు నోరు విప్పలేదు. మూడో రాత్రి, “నేను నిచ్చెన పట్టుకున్నప్పుడు పైనున్న అన్న ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. నేను వదిలేస్తానని ఆయనకు అనుమానం రాలేదు” అన్నాడు. కొంచెం ఆగి, తాను ఎవరినీ అలా నమ్మి పైకి ఎక్కలేనని, దేవుణ్ణి కూడా నమ్మలేకపోతున్నానని చెప్పాడు. ఎవరూ అతనికి వాక్యం చూపించలేదు. ఆ అన్న లేచి వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం ఇద్దరూ ఒకే బల్ల మీద ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు.

నమ్మకం లేని పిల్లలు, వేరే మతం స్నేహితులు పనికి వస్తే సంతోషంగా చేర్చుకోవాలి. సాయంత్రపు గంటకు రావడం వారి ఇష్టం. రాకపోతే భోజనం దగ్గర వేరుగా చూడకూడదు.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

జట్లను రోజూ మార్చడం. అందరికీ అన్ని పనులూ తెలియాలని మారుస్తారు. దాంతో ఏ ఇల్లూ ఎవరిదీ కాకుండా పోతుంది. ఇంటి లోపలే పనులు మార్చండి, ఇంటిని మార్చవద్దు.

ఫోటోల మోజు. పని మొదలుకాకముందే బ్యానరు కట్టి, కూలిపోతున్న ఇంటి ముందు ఇంటావిడను నిలబెట్టి ఫోటో తీయడం ఆవిడను నలుగురిలో చిన్నబుచ్చడమే. పగటి పని వేళల్లో ఫోన్లన్నీ ఒక సంచిలో పెట్టించండి. కొలతల కోసం మేస్త్రి దగ్గర, అత్యవసరానికి పెద్ద దగ్గర చెరొకటి చాలు.

నేర్పకుండా అప్పగించడం. ముందు శనివారం సంఘ ఆవరణలోనే ఒక పాత గోడ మీద ప్లాస్టరింగ్, సున్నం చేయించి చూడండి. చేతకానితనం అక్కడ బయటపడితే నష్టం లేదు.

ఇంటివారిని ప్రేక్షకులను చేయడం. రంగు ఏది, మేకు ఎక్కడ, చిలకకొయ్య ఎటు అన్నవి వారే చెప్పాలి. చేయగలిగిన పని చేయనివ్వాలి.

పొరుగింటి అలక. “మా ఇల్లు కనబడలేదా?” అని అడుగుతారు. ఎంపిక ఎలా జరిగిందో పాస్టరు గారే మొదటి రోజు వీధిలోని వారికి స్వయంగా చెప్పాలి. వచ్చే ఏడాది పరిశీలన పట్టీలో వారి ఇంటిని నిజంగా రాసుకోవాలి.

పని మిగిలిపోవడం. గురువారం సాయంత్రమే లెక్క చూసుకుని, మిగిలేలా ఉంటే సున్నం ఆపి కప్పు ముగించండి. అందం తర్వాతైనా వస్తుంది.

## 12. ఆఖరి రోజు, ఆ తర్వాత

శనివారం మధ్యాహ్నం ఇంటివారితో కలిసి ప్రేమవిందు పెట్టుకోవాలి. అది సంఘ ఆవరణలో కాకుండా ఆ ఇంటి వాకిట్లోనే జరగాలి. అంతకుముందు ఈ పట్టీ ముగించాలి.

- మేకులు, పెంకు ముక్కలు, సిమెంటు సంచులు ఏరి తీసేశారా
- ఇంటి సామాను ఉన్నచోటే తిరిగి పెట్టారా
- మిగిలిన పెంకులు పది ఇంటి వెనుక పేర్చారా (రేపు ఒకటి పగిలితే అవసరం)
- ప్లాస్టరింగ్‌కు నీళ్లు పట్టే మనిషి ఎవరు
- ఏ చోట ఏం చేశారో నోటు పుస్తకంలో రాశారా

తొలి పెద్దవాన పడిన మర్నాడు ఉదయం అదే జట్టు అదే ఇంటికి వెళ్లాలి. తడి మచ్చ కనిపిస్తే సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఎండ రాగానే మేస్త్రితో సరిచేయించాలి. ఆ ఖర్చు కోసమే 15 శాతంలో కొంత మిగిల్చి ఉంచాలి. ఈశాన్య ఋతుపవనాలు, తుపాన్లు అక్టోబరు నుంచి మొదలవుతాయి కాబట్టి సెప్టెంబరు చివరి ఆదివారం ఆరాధన అయ్యాక మరోసారి వెళ్లి, తూము శుభ్రం చేసి, కొప్పు చూసి, టీ తాగి రావాలి. నోటు పుస్తకంలో ఆ తేదీని ఇప్పుడే రాసిపెట్టండి.